డొంకూరు డబ్బాకు మా బుజ్జి నేర్పింది

బుజ్జీ, నువ్వు పోయావని పలాస ఆసుపత్రి నుంచి మీ మావ, నా తమ్ముడు, ఫోను చేసేసరికి నేను నీకోసం పొట్లకాయ ముక్కలు ఉడకబెట్టి నీళ్ళు వంపుతున్నాను. వాడు పోయావన్న మాట అనలేదు. “అప్పా, పొయ్యి ఆపేసి వచ్చెయ్” అన్నాడు, అంతే. ఆ గొంతుతోనే తెలిసిపోయింది.

చదివేవాళ్ళకు చెప్పాలి కదా. బుజ్జి నా కూతురు. టెక్కలి వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. నేను ఐదో తరగతి దాటలేదు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసి దాన్ని చదివించాను. వైజాగులో ఇంజనీరింగు చదివింది, ఒడిశా వెళ్ళి డాక్టరేట్ చేసింది, మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. అది పోయాక కాలేజీవాళ్ళు ఇంగ్లీషులో పెద్ద కాగితం రాసి చదివారు. అందులో దాని చదువంతా ఉందట. ఇంట్లో అదెలా ఉండేదో నాకు తప్ప ఎవరికి తెలుసు? నాకు వచ్చినట్టు నేను రాస్తున్నాను.

దాని పనేమిటో నాకు చాలాకాలం తెలియదు. ఎప్పుడు చూసినా బల్ల మీద మూత విప్పిన డబ్బా ఒకటి, దాని నిండా తీగలు. ఒకరోజు అడిగేశాను.

“ఏటే, ఎప్పుడూ ఆ డబ్బాయేనా?”

“అమా, ఎండతో తీసిన కరెంటు ఒక్కలాగ ఉండదు కదా. మబ్బొత్తే తగ్గుతాది, మబ్బెల్తే పెరుగుతాది. మనింట్లో ఫ్యానుకి అలాగ పడదు. మద్దెన ఎవులో ఒకలు సర్దాల. ఆ సర్దేది నా డబ్బా.”

“అయితే మీ నాన్నకీ మీ మావకీ మద్దెన నేనున్నట్టు.”

“అదే. నీలాగే ఊరికే ఏడెక్కిపోతాది కూడాను.”

వేడితోనే దాని తగువంతా. లోపల చిన్న చిన్న స్విచ్చులుంటాయట. మనం కన్నార్పేలోగా వేలసార్లు పడి లేస్తాయట. ఆ వేడికి అవి కాలిపోకుండా చూడడమే దాని ఉద్యోగం. దేశదేశాల పత్రికలకు రాసిందీ అదే. పిల్లలకు చెప్పిందీ అదే. “ఆగిపోతే తప్పు నేదు, ఎందుకాగిందో సెప్పకపోతే తప్పు” అని డబ్బాను గురించీ అనేది, చదువు మధ్యలో మానేసిన పిల్లల గురించీ అనేది.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దాని నాన్నను తీసుకుపోయింది అదే. తర్వాత దీనికీ వచ్చింది. నా కిడ్నీ ఇస్తానన్నాను. పరీక్ష చేసి, నీదీ అంత బాగా లేదమ్మా అన్నారు. ఇంక నా చేతిలో మిగిలింది వంట ఒక్కటే. వంటతోనే దాన్ని నిలబెట్టుకుందామనుకున్నాను.

మా నేల మీద పండేదేదీ అది తినకూడదు. కొబ్బరి వద్దు, జీడిపప్పు వద్దు, పనస వద్దు, అరటి వద్దు. ఏ కూరైనా సన్నగా తరిగి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ఉప్పు లేకుండా తాలింపు వెయ్యాలి. నీళ్ళు కూడా కొలిచే ఇవ్వాలి. మా తమ్ముడు చూసి, “ఇంకేటి, ఈ గుంటకి తాటాకు మేపడమే మిగిలిందప్పా” అనేవాడు. అది పగలబడి నవ్వేది. “తాటాకు కూడా ఉడకబెట్టి వంపేత్తాది మావా మాయమ్మ” అనేది.

డయాలసిస్‌కి మా తమ్ముడే బండి మీద తీసుకెళ్ళేవాడు. ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తో పిల్లలు రాసినవి దిద్దేది. విదేశాల్లో సభలకు పిలిచినా వెళ్ళలేకపోయింది. ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడేది. ఒకసారి అది మాట్లాడుతుండగా నా కుక్కరు కూత పెట్టింది. బెదిరిపోయి పొయ్యి ఆపేశాను. తర్వాత వచ్చి చెప్పింది. “ఆ సప్పుడేటని ఒక తెల్లాయన అడిగినాడమ్మా. మాయమ్మ ల్యాబ్ అండి అని సెప్పినాను.”

అది చివరగా పెట్టుకున్న పని సముద్రం ఒడ్డునున్న డొంకూరులో. తుఫానుకు కరెంటు స్తంభాలు పడిపోయిన ఏడాది అక్కడివాళ్ళు వేటాడి తెచ్చిన చేపలు కుళ్ళిపోతే గొయ్యి తీసి పూడ్చారట. చూసి వచ్చి బుజ్జి ఆ పూట అన్నం ముట్టలేదు. అక్కడ ఎండతో నడిచే ఐసుపెట్టె ఒకటి పెట్టింది. పెట్టెకు కరెంటు సర్దేది దీని డబ్బాయే. మొదట పెట్టిన డబ్బాను సముద్రపు ఉప్పుగాలి తినేసింది. తీగలకు పచ్చగా చిలుము పట్టింది. “నీకూ ఉప్పు పడదు, నీ డబ్బాకీ పడదు. తల్లి పోలికే బిడ్డకొచ్చినాదే” అన్నాడు మా తమ్ముడు.

ఇంకొకటి చేసింది. గాలి చొరబడకుండా మూత బిగిస్తే లోపల వేడి పెరుగుతుంది. వేడి పోవాలంటే గాలి కావాలి. ఆ పేచీ తేల్చడానికి డయాలసిస్ లేని రోజల్లా డొంకూరు పరుగెత్తేది. నేనూ క్యారేజీ పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. ఇసకలో గొడుగు వేసుకుని కూర్చునేది. నాలుక ఎండిపోతున్నా నీళ్ళు తాగకూడదు కదా. ఒక చేపలామె ఆ పెట్టెలోంచే ఐసు ముక్క తీసి ఇచ్చేది. అది నోట్లో వేసుకుని, “కవ్వ సేపల వాసనొత్తంది పిన్నీ” అనేది. “మరి కవ్వల పెట్టెలో మల్లెపూల వాసనొత్తాదేటే?” అనేది ఆమె.

ఒకరోజు డొంకూరు నుంచి తిరిగొచ్చే బస్సులో దాని కాళ్ళు వాచి ఉన్నాయి. చెప్పులు తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

“మానెయ్యే. మంచం మీద పడుకో.”

“పడుకుని ఏటి సెయ్యాల? నీ పొట్లకాయ నేను తరగాలా?”

తర్వాత దానంతట అదే చెప్పింది. “మంచి డబ్బా కాలిపోయేదాకా పనిసెయ్యదమ్మా. ఏడెక్కితే తనే తగ్గించుకుంటాది. సల్లబడ్డాక మళ్ళీ అందుకుంటాది. ఈ పాలి దానికదే నేర్పుతన్నాను.”

“మరి నువ్వు నేర్సుకోవేటే?”

నవ్వింది. “నన్ను సేసింది నువ్వు కదా. ఆ ముక్క పెట్టడం మర్సిపోనావు.”

వానలు వెళ్ళేదాకా డబ్బా నిలబడితే సెలవు పెడతానంది. వానలు వెళ్ళాయి. డబ్బా నిలబడింది. సెలవు పెట్టేలోగా దాని ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

ఇప్పుడు పొద్దున్న లేస్తే ఉడకబెట్టేదీ లేదు, వంపేదీ లేదు. పని లేకపోయినా ఇంత అలసట ఉంటుందని నాకు తెలియదు.

పెద్దకర్మ నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ముందు వాళ్ళకు ఒక ఆకు వేస్తాం. అది ఇన్నాళ్ళూ తినలేనివన్నీ వండుతానని పట్టుబట్టి నేనే పొయ్యి దగ్గర నిలబడ్డాను. పనసపొట్టు కూర, జీడిపప్పు కూర, కొబ్బరి పచ్చడి. దాని దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుమ్మాదేవి ఊరి అమ్మాయి, మిగతా పిల్లలు వచ్చారు. ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని, “డొంకూరులో డబ్బా బాగుందమ్మా. మద్దేన్నం ఏడికి తగ్గుతంది, సాయంత్రం మళ్ళీ అందుకుంటంది” అని చెప్పింది. డబ్బా అయినా దాని మాట విన్నది.

అందరూ మాట్లాడకుండా తింటున్నారు. ఉప్పు ఒక రవ్వ తగ్గితే పీట మీంచి లేచిపోయే మా తమ్ముడు మారు వడ్డించుకున్నాడు. వాళ్ళు లేవకముందే నేనూ కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఉంది. నా చెయ్యి దాని అలవాటున అది అన్నీ ఉడకబెట్టి వంపేసింది. దేన్లోనూ ఉప్పు లేదు.

“ఏట్రా, ఒక్కలూ సెప్పరేటి?”

“బాగానే ఉందప్పా” అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

“మేడం క్యారేజీలో మేమూ తినీవాళ్ళం కదమ్మా. మాకు అలవాటే” అంది ఆ అమ్మాయి.

లేచి వెళ్ళి ఉప్పు జాడీ తెచ్చాను. చేతులు అడ్డం పెట్టినా వినలేదు. ఆకు ఆకు దగ్గరా వంగి అందరి కూరల్లో ఉప్పు వేసి, కలిపి, మళ్ళీ అన్నం పెట్టాను. “తినండర్రా. మీకేటి రోగమని?” అన్నాను. తిన్నారు.

చదివేవాళ్ళకూ నేను చెప్పేది అదే. ఏ డాక్టరూ ఏదీ వద్దనని ఒళ్ళు మీకుంటే, చేతిలో ఎంత పనున్నా పక్కన పెట్టి, వేళకు కూర్చుని కడుపునిండా తినండి.