వంకర గోడ గీయడానికి మందిర్ హసౌద్ దాకా

నాలుగేళ్లుగా నయా రాయపూర్‌లోని ఒక ఆఫీసులో కొత్త భవనాల ప్లాన్లు గీస్తున్నాను. అక్కడి రోడ్లూ తిన్ననే, గోడలూ తిన్ననే. విసుగెత్తిపోయి, పాత ఇళ్లను కూల్చేలోపు కొలిచి, బొమ్మ గీసి భద్రపరిచే సుజాత మేడం దగ్గరికి వెళ్లి పని అడిగాను. మాలాగే వాళ్లదీ విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. "ఒక్క రోజు వచ్చి చెయ్యమ్మా. సాయంత్రానికి ప్లాన్ సరిగ్గా వచ్చిందా, మా టీంలో చేరిపో. రాలేదా, నీ ఆఫీసు నీకుంది" అన్నారు. "కూలిపోయే కొంపలు కొలిస్తే జీతం ఎవడిస్తాడే?" అని నాన్న ఒకటే గొణుగుడు. నేనైతే సంతోషంతో గాల్లో తేలిపోయాను.

దేవేంద్ర నగర్‌లో మేడం, నేను పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. తేలీబాంధా దాకా ఒక షేర్ ఆటో, అక్కణ్నుంచి మందిర్ హసౌద్‌కు ఇంకొకటి. మనిషికి యాభై రూపాయల దాకా అయింది, గంట పట్టింది. దారిలో బండి దగ్గర వేడివేడి చీలా తిన్నాం. బియ్యప్పిండి అట్టు, పక్కన టమాటా చట్నీ. నేను మూడు లాగించాను. "పాత ఇల్లు కొంటున్నారా దీదీ?" అని ఆటో అతను హిందీలో అడిగాడు. కొలవడానికే వెళ్తున్నామంటే నమ్మలేదు. "ఎంతకిస్తారో నాకూ చెప్పండి" అంటూ నవ్వుకుంటూ పోయాడు.

ఇల్లు చూడగానే నాకు కాళ్లు నిలవలేదు. మట్టిగోడలు, నాటు పెంకులు, చెయ్యి వేస్తే చల్లగా తగిలే చెక్క స్తంభాలు! ఇంటి పెద్దావిడను ఊళ్లో అందరూ దులారీ దాయి అంటారు, దాయి అంటే అమ్మ. వచ్చే వారం ఇల్లు పడగొట్టి కొడుకు సిమెంటు ఇల్లు కడుతున్నాడట. టేపు ఒక కొస మేడం పట్టుకున్నారు, ఇంకో కొస నేను పట్టుకుని వసారా కొలిచాను. వీధివైపు గోడ కొంచెం లోపలికి వంగినట్టు కనిపించింది. మేస్త్రీ తప్పు అయివుంటుందనుకుని, కాగితం మీద చక్కగా తిన్నగా గీసేశాను. చూడముచ్చటగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం దాయి టీ తెచ్చి ఆ బొమ్మ చూసింది. "ఏ కాకర్ ఘర్ ఏ?" అంది. ఇది ఎవరి ఇల్లు, అని.

మేడం కాగితం తీసుకుని గోడ వంక చూశారు. "ఏటమ్మా, గోడని నువ్వు దిద్దీసావేటి? ఉన్నదున్నట్టు గియ్యాల. ఇంకా సాయంత్రం అవలేదులే, మళ్లీ మొదలెట్టు."

గోడ ఎందుకలా ఉందని అప్పుడు దాయినే అడిగాను. ఆవిడ కొత్త కోడలిగా వచ్చిన రోజున ఎడ్లబండి సందు మలుపులో ఈ గోడకు తగిలి ఇరుక్కుపోయిందట. కొత్త పెళ్లికూతురు అందరి ముందూ దిగి నడవాల్సొచ్చిందట. "మా మామ మర్నాడే ఆ గోడ పడగొట్టించాడు. ఇకమీదట ఏ కోడలూ సందులో దిగి నడవకూడదని ఇలా లోపలికి వంచి కట్టించాడు" అని చెబుతూ సిగ్గుపడింది.

నాకు ఒళ్లు పులకరించింది. తిన్నగా ఒక దారం లాగి కట్టి, దాని నుంచి గోడ ఎక్కడెక్కడ ఎంత జరిగిందో కొలుచుకుంటూ పోయాను. కొలుస్తున్నంతసేపూ నవ్వు ఆగలేదు. పొద్దు వాలేసరికి కొత్త బొమ్మ దాయి ఒళ్లో పెట్టాను. ఆవిడ ఆ వంపు వెంట మెల్లగా వేలు పోనిచ్చి, కొడుకును కేకేసింది.

"కొత్త ఇంటిగోడ కూడా ఇక్కడ ఇలాగే వంచి కట్టించు."

"ఇప్పుడు ఎడ్లబండ్లు ఎక్కడున్నాయమ్మా?"

"కోడళ్లు వస్తారుగా!"

అతను ఫోన్ తీసి నా బొమ్మను ఫోటో తీసుకున్నాడు. మేడం టేపు చుట్టి నా సంచిలో పడేసి, "రేపటి నుంచి ఇది నువ్వే మోయాల" అన్నారు. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆ సంచిని ఒళ్లోంచి దింపలేదు.

ఇన్నాళ్లూ ఇంకా కట్టని ఇళ్లకు గీతలు గీశాను. మనుషులు బతికిన ఇంటికి గీయడం ఇదే మొదలు. వచ్చే వారం ఆ వసారా ఉండదని తలచుకుంటే దుఃఖమే, కానీ నాకు దొరికిన ఈ పనిని ఇక వదిలేది లేదు. మీరూ ఇలా ఏదైనా పాత ఇల్లు కొలవడానికి వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: గీసిన బొమ్మను ఇంట్లోవాళ్లకు చూపించాకే టేపు చుట్టండి.