విస్తళ్ల లెక్కలోకి రాని వంటాయన

తొంభైల చివర్లో, ఒక ఆషాఢ మాసంలో, నన్ను సామర్లకోట నుంచి గోదావరి గట్టు మీదున్న ఒక చిన్న మునిసిపాలిటీకి కమ్యూనిటీ ఆర్గనైజరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. అప్పటి వాళ్ళు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. చేరిన పది రోజులకే వరద వచ్చింది. పేటలింకా తిరగలేదు, ఒక్క మొహమూ తెలియదు.

కమ్యూనిటీ ఆర్గనైజరంటే ఏం పనని మా వియ్యపురాలు ఇప్పటికీ అడుగుతుంది. పేదల పేటల్లో తిరిగి ఎవరికి పింఛను రావాలి, ఏ ఇంట్లో బాలింత ఉంది, ఎవరి రేషన్ కార్డు ఏ బల్ల మీద ఆగిపోయింది అని రాసుకుని పైకి పంపడం. హోదాలో గుమస్తాకి కాస్త పైన, మేనేజరుకి చాలా కింద. జీపు ఉండదు, గొడుగు ఉంటుంది. వరదలప్పుడు మాత్రం కమిషనరు గారి దగ్గర్నుంచి అందరికీ మేం గుర్తొచ్చేవాళ్ళం. ఆ సారి గట్టు దిగువనున్న పేట మొత్తం మునిగింది. జనాన్ని మునిసిపల్ హైస్కూలుకి తరలించి, దానికి పునరావాస కేంద్రమని బోర్డు పెట్టి, ఇన్‌ఛార్జిగా నన్ను వేశారు.

కేంద్రంలో ముఖ్యమైన పని బాధితుల జాబితా తయారు చెయ్యడం. ఇంటి పెద్ద పేరు, రేషన్ కార్డు నంబరు, ఇంట్లో ఎంతమంది, ఇల్లు పూర్తిగా కూలిందా, పాక్షికమా. మేం రాస్తే కమిషనరు గారు సంతకం పెడతారు, ఆపైన మండల రెవెన్యూ అధికారి, అంటే ఎమ్మార్వో గారు, ఇంకో సంతకం పెడతారు. జాబితాలో పేరుంటే ఇంటికి ఇరవై కిలోల బియ్యం, కిరసనాయిలు, కప్పుకి ఒక బరకం. ఇల్లు పూర్తిగా కూలితే కట్టుకోవడానికి సాయం. పేరు లేకపోతే ఏమీ లేదు. ఎన్ని పేర్లుంటే అన్ని బస్తాలే పైనుంచి వస్తాయి, ఒక్కటి ఎక్కువ రాదు.

ఇలాంటి చోట అందరికీ ఉండే భయం ఒకటే, దొంగ పేర్లు. పేర్లు చెప్పండర్రా అని కాగితం పట్టుకుని కూర్చుంటే ఒకే ఇంటివాళ్ళు అన్న పేరున, తమ్ముడి పేరున, చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది పేరున రాయించేస్తారు. దానికి సామర్లకోటలో మా పైఅధికారి ఒకావిడ నాకో పద్ధతి నేర్పింది. భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు రాసుకోమనేది. మన జనం బంతిలో ఇంటివాళ్ళంతా ఒకచోటే కూర్చుంటారు, పిల్లల్ని పక్కనే కూర్చోబెట్టుకుంటారు. విస్తళ్లు లెక్కపెట్టి, ఆ వరసలోనే పేర్లు రాసుకుంటూ పోతే ఒక్క దొంగ పేరు కూడా దూరదు. నేనూ అదే చేశాను. రెండో రోజు నుంచి మూడు పూటలు, ప్రతి బంతి వెనకా నోటుపుస్తకం పట్టుకుని తిరిగి, ఒక పూట లెక్కని ఇంకో పూట లెక్కతో సరిచూశాను. కమిషనరు గారు చూసి, ఇంత శుభ్రమైన జాబితా ఈ ఆఫీసులో నేను చూడలేదమ్మా అన్నారు. నాకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

ఆ కేంద్రం తలుచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకి పప్పుచారు వాసనే వస్తుంది. మొదటి పూట మా శానిటరీ సిబ్బంది అన్నం వండి మాడబెట్టారు. రెండో పూటకి ఎవరో పొడుగాటాయన వచ్చి, "ఇలా ఇవ్వండి బాబూ, ఇంతమంది నోట్లోకెళ్ళేదండి," అని గరిటె లాక్కున్నాడు. స్కూలు వెనకాల గాడిపొయ్యి తవ్వించాడు, తడి కట్టెలకి చిందులు తొక్కాడు, గుండిగ ఎత్తడానికి వచ్చిన కుర్రకారుని నోటికొచ్చినట్టు కేకలేశాడు. అందరూ భయపడేవాళ్ళు. కానీ ఆ పప్పుచారు! నేను మడి కట్టుకునే ఇంట్లో పెరిగినదాన్ని, పదిమందిలో తినడానికి మొహమాటపడేదాన్ని. అలాంటిది మూడో పూటకి గ్లాసు పట్టుకుని గాడిపొయ్యి దగ్గరికి వెళ్ళి, ఇంకాస్త పొయ్యవయ్యా అని అడిగాను.

ఆయన పేరు వీర్రాజు. భార్య మంగతాయారు పక్కన కూర్చుని కూరలు తరిగేది, ఇద్దరు ఆడపిల్లలు కట్టెల గుట్ట పక్కన ఆడుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో కొవ్వూరు నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఆయన చేతి వంటకి పేరుందని అన్నారు. కమిషనరు గారు పిలిపించిన వంటాయన అనుకున్నాను నేను. నేను మాట్లాడి పెట్టిన వంటాయన అనుకున్నారు కమిషనరు గారు. ఒకరినొకరం అడగనే లేదు.

నీళ్ళు తీశాక, ఇళ్ళు చూడ్డానికి మా గుమస్తాతో పేటలోకి వెళ్ళాను. జాబితా వరసలో ఒక్కో ఇంటి ముందూ ఆగి, పూర్తి, పాక్షికం అని టిక్కులు పెట్టుకుంటూ పోయాం. కాలవ వారన ఒక మట్టిల్లు నాలుగు గోడలూ కూర్చుండిపోయి ఉంది. ఇదెవరిదండీ అని అడిగితే, "జాబితాలో లేదు మేడం, ఖాళీ ఇల్లయ్యుంటుంది," అన్నాడు గుమస్తా. సరేనని దాటేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండు సంతకాలూ అయిపోయి, జాబితాని స్కూలు వరండాలో పైకి చదివి వినిపించాం. ఎవరికీ అభ్యంతరం లేదు. మర్నాడు కేంద్రం మూసేస్తామనగా నేను మహా పెద్దమనిషి తరహాగా గాడిపొయ్యి దగ్గరికి వెళ్ళి, వీర్రాజు గారూ, మీ కూలి సంగతి ఆఫీసులో చెప్తాను, రేపొచ్చి కనపడండి అన్నాను.

ఆయన గుండిగ తోముతున్నవాడల్లా ఆగి, "కూలేంటండి? మాదీ ఈ పేటేనండి. కాలవ వారన ఇల్లండి, పడిపోయిందండి," అన్నాడు.

మరి పేరెందుకు రాయించుకోలేదయ్యా అని గయ్యిమన్నాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ముందు లేస్తుంది, అది నాకున్న జబ్బు.

"మీరు విస్తళ్ల దగ్గర రాసుకుంటున్నారు కదండీ. నేను వడ్డిస్తున్నానండి. వడ్డించేవాడు బంతిలో కూర్చోకూడదు కదండీ," అన్నాడాయన. అందరూ లేచాక, ఆఖరున, పొయ్యి పక్కనే ఆ నలుగురూ తినేవాళ్ళు. ఆ వేళకి నేను నోటుపుస్తకం మూసేసి లెక్క సరిపోయిందని సంబరపడుతూ ఉండేదాన్ని.

మంగతాయారు కత్తిపీట దగ్గర్నుంచి లేచి వచ్చింది. "నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరానండి అమ్మగారూ. ఒక్క నిమిషం ఆ గరిటె కింద పెట్టి పేరు చెప్పి రావయ్యా అంటే, జనం ఆకలి మీదుంటే మన పేరు మన పేరని తోసుకుంటామేంటే అన్నాడండి. ఇల్లు మునుగుతుంటే మంచం వదిలేసి గరిటెలు, జల్లిగరిటె మోసుకొచ్చిన మనిషండి ఈయన. రేపు స్కూలు తాళం వేస్తే పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టను?" అని ఏడ్చేసింది. పేటవాళ్ళని కేకలేశాను, మీరైనా చెప్పలేదేమర్రా అని. "ఆయన పొద్దస్తమానం మీ పక్కనే ఉంటాడు కదండీ, మీరే ముందు రాసేసుంటారనుకున్నామండి," అన్నారు. జాబితా చదివినప్పుడో అంటే, ఎవరి పేరు కోసం వాళ్ళు చెవులు రిక్కించుకుని విన్నారట. వీర్రాజు ఆ వేళ పొయ్యి దగ్గరున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే ఎమ్మార్వో గారి దగ్గరికి వెళ్ళాను. చెడ్డమనిషి కాదు, కానీ అప్పటికి పొద్దుట్నుంచి ఎన్ని సిఫార్సులు విన్నాడో. సంతకమైన జాబితాలో పేరు కొట్టెయ్యడం తేలికమ్మా, చేర్చడం కష్టం అన్నాడు. దానికి దారి ఒకటే. అనుబంధ జాబితా రాసి, పేరు ఎందుకు తప్పిపోయిందో లెక్క రాసిన ఉద్యోగి కారణం చూపించాలి, ఇరుగుపొరుగుతో పంచనామా జతచెయ్యాలి, బాధితుడు సంతకం పెట్టాలి. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇస్తేనే బియ్యంతో పాటు ఇల్లు కూడా కలుస్తుంది. దాటితే తన చేతుల్లో లేదు.

కారణం దగ్గరే వచ్చింది చిక్కు. మా గుమస్తా కాగితాల్లో పండిపోయిన మనిషి. "లెక్క సమయంలో కుటుంబం ఊళ్ళో లేదని రాసెయ్యండి మేడం. అందరూ రాసేది అదే. మీ తప్పని రాశారా, మెమో వస్తుంది, సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కుతుంది. కొత్తగా వచ్చారు, ఎందుకు చెప్పండి?" అన్నాడు. సర్వీసు రిజిస్టరంటే ఉద్యోగి జాతకం. చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా మంచీ చెడూ అన్నీ అందులో ఎక్కుతాయి. నాకు అప్పటికి ప్రమోషను దగ్గర్లో ఉంది. దాచడమెందుకు, ఆయన చెప్పినట్టే రాశాను. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని పేరు. ఆ అబద్ధాన్ని కూడా ముత్యాల్లాగే రాశాను.

పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని గాడిపొయ్యి దగ్గరికి వెళ్ళి చదివి వినిపించాను. వీర్రాజు గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, శ్రద్ధగా విన్నాడు. పెన్ను తీసుకోలేదు.

"నేను ఊళ్ళో లేనని రాశారు కదండీ. మరి ఈ అయిదు రోజులూ అన్నం ఎవరు వండారంటారండీ?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. ఇల్లొస్తుందయ్యా, పెట్టు సంతకం అన్నాను. మంగతాయారు కూడా బతిమాలింది. "పేటంతా నా చేతి అన్నం తిన్నదండి. వాళ్ళ ముందు నేను లేనని సంతకం ఎలా పెట్టనండి? ఇల్లు మళ్ళీ ఎలాగోలా కట్టుకుంటాను లెండి," అని పొయ్యిలో కట్టె ఎగదోసుకోవడం మొదలుపెట్టాడు. మంగతాయారు చిన్నపిల్లని చంకనేసుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

సిగ్గేసింది. కూలిన ఇల్లు ఆయనది, పోతే పోయేది నాకు ఒక మెట్టు. ఆ కాగితాన్ని అదే పొయ్యిలో వేసి, బియ్యం బస్తా మీద కూర్చుని ఇంకోటి రాశాను. ఈ కుటుంబం మొదటి రోజు నుంచి కేంద్రంలోనే ఉంది, అందరికీ వండి వడ్డించింది, బంతిలో కూర్చున్నవాళ్ళనే లెక్కించడం వల్ల నా పొరపాటుతో పేరు తప్పిపోయింది అని. ఈసారి వీర్రాజు పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. పంచనామాకి అయిదుగురు చాలు. పేటలో సంతకం వచ్చినవాళ్ళంతా పెట్టారు, రానివాళ్ళు వేలిముద్రలు వేశారు, కాగితం వెనకవైపు కూడా చోటు లేకపోయింది. ఎమ్మార్వో గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పప్పుచారు అంత బాగుంటుందా అమ్మా అని అడిగి సంతకం పెట్టారు. మధ్యాహ్నానికి ఇంకా గంట టైముంది.

పంపిణీ రోజున చూద్దును కదా, వీర్రాజు మళ్ళీ లారీ దగ్గర నిలబడి అందరి బస్తాలూ భుజానికెత్తుతున్నాడు. ముందు మీది తీసుకోండి అంటే, అందరిదీ కానివ్వండి అంటాడు! పదిమందిలో అరిచాను, ఈ బంతి నాది, ఇక్కడ వడ్డన నేను చేస్తాను, నోరుమూసుకుని ముందు కూర్చోండి అని. జనం ఘొల్లున నవ్వారు. ఆయన సిగ్గుపడుతూ నిలబడిపోయాడు. మంగతాయారు మాత్రం చకచకా వచ్చి వేలిముద్ర వేసి బస్తా మీద చెయ్యి వేసింది. ఆ ఏడు కార్తీకంలో అదే చోట వాళ్ళ ఇల్లు లేచింది. గృహప్రవేశానికి వెళ్ళాను. నన్ను బంతిలో కూర్చోబెట్టి, పప్పుచారు ఆయనే వడ్డించాడు.

మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, "లెక్కలో అజాగ్రత్త, హెచ్చరించడమైనది" అని సర్వీసు రిజిస్టర్లో ఒక వాక్యం ఎక్కింది. ప్రమోషను రెండేళ్ళు ఆలస్యమైంది. తర్వాత ఆ వాక్యం తీయించుకోవడానికి అర్జీ పెట్టుకోమన్నారు కానీ, పెట్టలేదు. అందులో రాసింది నిజమే.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఇంకా ఎన్నో వరదలు, రెండు తుపానులు చూశాను. విస్తళ్ల పద్ధతి మానలేదు, మంచి పద్ధతే. కానీ నా కింద పనిచేసిన పిల్లలకి మొదటి రోజే చెప్పేదాన్ని. బంతి దగ్గర మొదలుపెట్టకండి, ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళండి, వండేవాళ్ళనీ వడ్డించేవాళ్ళనీ పేరు పేరునా అడిగి రాసుకోండి, ఆ తర్వాతే విస్తళ్లు లెక్కపెట్టండి అని. నేను సంతకం పెట్టిన ప్రతి జాబితాలోనూ ఒకటో నంబరు వంటవాళ్ళదే.