మేస్త్రీ మోకాలి పట్టీలు

మా బేసు పెట్టెల మేస్త్రీ పోయిన శుక్రవారం చనిపోయాడు. పిడుగురాళ్లలో నా వీడియో హాలుకి మ్యాట్నీ చూడటానికొచ్చిన లారీ డ్రైవరొకడు టికెట్టు తీసుకుంటూ, "మీ పాకే మేస్త్రీ పోయాడంట గదా" అన్నాడు. నేల మీద పాకుతాడని ఆ పేరు ఆయనకి పల్నాడంతా అంటించింది నేనే. బతికుండగా వెనకాల 'వాడు' అన్నాను, ఇప్పుడు 'ఆయన' అంటున్నాను. పోయినవాళ్లకి మర్యాద ఇవ్వడంలో మనకి మనమే సాటి.

నాలుగేళ్ల కిందట నేను పెట్టినప్పుడు ఆ హాలు ఒక పాత సున్నం గోడౌను. పైన రేకులు, చుట్టూ నాలుగు బోడిగోడలు. కలర్ టీవీ, వీసీఆర్ తెచ్చి, దిమ్మదిమ్మని దెబ్బ వేసే నడుమెత్తు స్పీకరుని, అదే బేసు పెట్టెని, టీవీ పక్క మూలకి తోసి సౌండు పెంచాను. రేకులు గడగడలాడాయి. ముందు బెంచీల వాళ్లకి చెవులు గింగురుమనేవి. నడిమి బెంచీల వాళ్లకి దెబ్బే తెలిసేది కాదు. మాట ఒక్కటి ఎవరికీ అర్థమయ్యేది కాదు. క్వారీ పనివాళ్లు మొహమాటపడే రకం కాదు. "డబ్బాలో గులకరాళ్లేసి ఊపతన్నట్టుందయ్యా" అని సగం సినిమాలో లేచిపోయేవాళ్లు. రెండు నెలల్లో తాళం వేసుకోవాల్సిందే అనుకున్నాను.

అప్పుడు ఎవరో చెబితే మేస్త్రీని పిలిపించాను. యాభై దాటిన మనిషి, భుజాన గోనెగుడ్డ సంచి. వస్తూనే ఆయన అడిగిన మొదటి మాట బేసు పెట్టె గురించి కాదు.

"పక్కన కంకర క్రషర్ ఎప్పుడాపుతారు?"

"అన్నాలకి ఆపుతారు. ఎందుకు?"

"అప్పుడే మొదలెడదాం. అది తిరగతా ఉంటే నేల అబద్ధం చెప్పుద్ది."

క్రషర్ ఆగాక బేసు పెట్టెని ఎత్తించి, జనం కూర్చునే నడిమి బెంచీ మీద పెట్టించాడు. తన సంచిలోని డప్పుల క్యాసెట్టు వేశాడు. లారీ ట్యూబు కోసి కుట్టించుకున్న రెండు పట్టీలు మోకాళ్లకి కట్టుకుని, నేల మీద వంగి గోడ వెంట పాకడం మొదలుపెట్టాడు. జానెడు పాకడం, ఆగి తల వాల్చి వినడం, మళ్లీ జానెడు పాకడం.

"బెంచీ మీద పెట్టె కూచోటమేంది, నువ్వు పాకటమేంది మేస్త్రీ?" అన్నాను.

"మనిషి కూచునే చోట పెట్టెని కూచోబెడితే, పెట్టె ఎక్కడుండాలో గోడే చెప్పుద్ది బాబూ. పెట్టెని గోడగోడకీ మోసే కంటే నేను పాకటం తేలిక."

చివరికి మూల కాదు, ఎడమ గోడ వెంట, ఆడవాళ్ల బెంచీల పక్కన ఒకచోట సుద్దతో గీత గీశాడు. "మూలల్లో దెబ్బ ఊరుద్ది. పత్తి దాన్ని తాగుద్ది" అని నాలుగు మూలల్లోనూ వేస్టు పత్తి కూరిన గోతాలు నిలబెట్టించాడు. నాకు తేడా ఏమీ తెలియడం లేదని నోరు జారాను.

"చెవులు దేనికి పెట్టుకున్నావు, బీడీ చెక్కుకోటానికా? పాకు" అన్నాడు.

మ్యాట్నీకి వచ్చిన జనం గుమ్మంలో నిలబడి ఉన్నారు. మల్లెపువ్వులాంటి పంచెతో నేను పాకాను. ఒకచోట దెబ్బ డొల్లగా ఉంది. రెండు మూరలు జరిగితే నిండుగా వచ్చి రొమ్ముకి తగిలింది. మూలకి పోతే ముద్దకట్టింది. ముప్పై ఏళ్లు బతికినా ఒక గదిలో ఇన్ని గదులుంటాయని నాకు తెలియదు. ఆ మాట చెప్పి ఆయన చేతులు పట్టుకోవాల్సింది. కానీ నా వెనక జనం పడీపడీ నవ్వుతున్నారు. పాఠం మర్చిపోలేదు, నవ్వూ మర్చిపోలేదు.

ఆ గీత దగ్గరికి పెట్టె చేరాక నా హాలు నిలబడింది. తెర మీద రైలు వస్తే పసిపిల్లలు తల్లుల్ని కరుచుకునేవాళ్లు. పని ముగిసేదాకా ఆయన టీ తాగేవాడు కాదు. ముగిశాక హాల్లో అన్నిటికంటే చెడ్డ చోటు వెతుక్కుని ఒక ఆట మొత్తం చూసేవాడు. "చెడ్డ చోట కూచున్నోడికి బాగుంటేనే బాగున్నట్టు" అనేవాడు. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా వీడియో హాళ్లన్నీ ఆయన మోకాళ్లు అరిగిన చోట్లే.

రెండేళ్లకి నేను వెనక గోడ పడగొట్టి హాలు పెంచి, మళ్లీ ఆయన్నే పిలిచాను. ఈసారి నేను పిలిస్తే తిరగలేదు. భుజం తడితే తిరిగి, నా పెదాల వంక చూస్తూ, "ఊఁ, బాగుంది" అన్నాడు. నేను అడిగింది టీ తాగుతావా అని. కుర్రతనంలో క్వారీలో తూటాలు పేల్చి ఒక చెవి పోగొట్టుకున్నాడని విన్నాను. రెండోది మా పెట్టెలకి ఆనించి ఆనించి పోగొట్టుకున్నాడు. చెవి లేకపోయినా అరచేతులతో, మోకాళ్లతో నేల అదురు పట్టుకుని నెట్టుకొస్తున్నాడు. ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే ఎవరు పిలుస్తారు?

నాకు జాలి కలగాలి కదా? సంబరం కలిగింది.

కొత్త హాలు చూడమని చుట్టుపక్కల హాళ్ల ఓనర్లని పిలిచాను. అన్నాల వేళకి ముందే, క్రషర్ తిరుగుతుండగానే పని మొదలుపెట్టించాను. ఆపేశారా అని ఆయన అడిగితే అవునని తల ఊపాను. ఆయన వంగి పాకడం మొదలుపెట్టగానే బేసు పెట్టె తీగ పీకేశాను. ఆయన పాకుతూనే ఉన్నాడు. అరచెయ్యి నేలకి ఆనించి, కళ్లు మూసుకుని, ఒకచోట ఆగాడు.

"ఇక్కడ. ఇక్కడ నిండుగా ఉంది" అన్నాడు.

ఓనర్లంతా పగలబడి నవ్వారు. పీకిన తీగ కొస ఆయన ముఖం ముందు ఆడించాను. ఆయన తీగని చూశాడు. తెరుచుకున్న నోళ్లని చూశాడు. మెల్లగా లేచి పట్టీలు విప్పుకున్నాడు.

"తప్పు నాదే. క్రషర్ ఆగిందో లేదో బయటికి పోయి చూసుకోవాల" అన్నాడు.

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నా కడుపు చల్లబడేది. ఆ తర్వాత ఆయన్ని ఏ హాలూ పిలవలేదు.

నిరుడు ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, లోపల కూతురు మిషను కుడుతోంది. చెవిటి మనిషికి క్షమాపణ చెప్పాలంటే అరవాలి. అరిస్తే వీధి వింటుంది. నాకు పరువుంది కదా! అందుకని తల వంచుకుని, "తప్పైపోయింది మేస్త్రీ" అని గొణిగాను. నా పెదాలు కూడా ఆయనకి కనపడనివ్వలేదు. "ఊఁ, బాగుంది" అన్నాడు. బరువు దిగిందనుకుని వచ్చేశాను.

మొన్న పరామర్శకి వెళితే ఆయన కూతురు కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది. నేను నాలుగు మంచి మాటలు వెతుక్కుంటుంటే తనే అంది.

"ఆ రోజు నువ్వు అరుగు మీద అన్నది నాకు వినపడిందన్నా. నువ్వు పోయినాక మా అబ్బా అడిగాడు, ఓనరు ఏం జెప్పి పోయాడే అని."

"ఏం చెప్పావమ్మా?"

"జరిగింది మళ్లీ గుర్తుజేయటం ఎందుకని, ఇంకో హాలు కడతన్నాడంట, పనికి నిన్నే పిలుస్తాడంట అని జెప్పా. చానా సంతోషపడ్డాడు. ఏడాది పాటు వీధిలో లారీ ఆగితే చాలు, నువ్వు పంపావేమోనని లేచి నిలబడేవాడు."

గుమ్మం పక్కన మేకుకి గోనెగుడ్డ సంచి వేలాడుతోంది. పైన డప్పుల క్యాసెట్టు, ఒక సుద్దముక్క. వాటి కింద మోకాలి పట్టీలు రెండూ ఒకదానిమీద ఒకటి మడిచి ఉన్నాయి. పాత ట్యూబుకి కొత్త తాళ్లు కుట్టి ఉన్నాయి. ఆ తాళ్లకి ఇంకా ముడి పడలేదు.