కారు కాదక్కా, కామా!

మా చిన్నమామయ్య కంటికి కంప్యూటర్ కనపడకూడదు. కనపడిందా, దాంట్లో ఆటల లినక్స్ ఎక్కించేదాకా ఆయనకి ముద్ద దిగదు. లినక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థ. దాంట్లో ఆటలాడేవాళ్ళ కోసమే తయారుచేసిన రకం ఒకటుంది, ఆయన మనసు పడింది దానిమీద. పోనీ ఆటలాడతాడా అంటే అదీ లేదు. చేసేది కళ్ళజోళ్ళ షాపు.

మొదట దొరికింది నేనే.

"ఉత్తరాలు టైపు చేసుకునేవాణ్ణి, నాకెందుకు మామయ్యా ఇది?"

"ఒరేయ్ అల్లుడూ! యుద్ధట్యాంకుల్ని ఉరికించేదానికి నీ ఉత్తరాలు ఒక లెక్కా?"

మర్నాడు మా ఆవిడ సెలవు అడుగుదామని మెయిల్ తెరవబోతే, తెర నిండా కత్తులు, కిరీటాలు వచ్చి కూర్చున్నాయి. "మీ మామయ్యతో యుద్ధానికి నేనెప్పుడు సిద్ధమన్నాను?" అని నా మీద విరుచుకుపడింది. ఆటల తెర మూసి మామూలు తెరకి రావడానికి ఒక్క బటన్ చాలని తర్వాత తెలిసింది. అప్పటికే నాకు పడాల్సినవి పడ్డాయి.

తర్వాత పిన్ని కుట్టు షాపు. అక్కడ ప్రింటర్ తీగ పెట్టగానే బరబరా కాగితం వచ్చింది. మామయ్య గంతులేశాడు. "చూశావా చెల్లాయ్! సీడీ అడిగిందా? డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అడిగిందా? కనీసం మంచినీళ్ళన్నా అడిగిందా?"

"అడగలేదు గానీ, నా డిజైన్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదన్నయ్యా."

"అది ఆ సాఫ్ట్‌వేర్ పొగరు!" అన్నాడు గానీ, పాత వ్యవస్థని కూడా అదే కంప్యూటర్‌లో పక్కనే పెట్టిచ్చాడు, మూతి ముడుచుకుని.

ఇంతలో పెద్దమ్మ పని మానేస్తానంది. మామయ్యకి అక్క, పుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. అచ్చుతప్పు దొరికితే ఆవిడకి అదే పండగ. అలాంటిది, మౌస్ పట్టుకుంటే కుడి మణికట్టు మెలిపెట్టేస్తోందట. "పబ్లిషర్‌కి చెప్పేస్తాను, ఇదే ఆఖరి పుస్తకం" అని కళ్ళొత్తుకుంది.

ఆదివారం మామయ్య ఆవిడ కంప్యూటర్‌కీ అదే లినక్స్ ఎక్కించి, రెండు చేతుల్తో పట్టుకుని బొటనవేళ్ళతో ఆటలాడే కంట్రోలర్ ఒకటి తగిలించి ఒళ్ళో పెట్టాడు.

"ఈ వయసులో నన్ను కారు తోలమంటావట్రా?"

"కారు కాదక్కా, కామా! బొటనవేలితో తోలు."

తోలింది. ఆ లినక్స్‌లో కంట్రోలరే మౌస్ పని కూడా చేస్తుందట, తెరమీద బాణం గుర్తు కదిలింది! మణికట్టు కదలకుండానే కామా పక్కకి జరిగింది, తప్పు అక్షరం ఎగిరిపోయింది. "దొరికిందిరా దొంగ!" అని పెద్దమ్మ కేక. నాకూ ఒళ్ళు పులకరించింది, ఎందుకు దాచాలి!

మామయ్యని పక్కకి లాగాను. "సరే, మా మీద ఎందుకు పడ్డావు మరి?"

"అక్క మణికట్టు నొప్పి సంగతి నాకు ముందే తెలుసు. అక్కకొక్కదానికే పెడితే, జబ్బుమనిషి సామాను అనుకుని ముట్టుకోదురా. అందరిళ్ళల్లో ఉంటే అది మామూలు కంప్యూటరే కదా. పైగా ఎక్కడ ఏం తంటా వస్తుందో ముందు మీ దగ్గరే తేలింది."

"అంటే మేం ప్రయోగానికి ఎలుకలమా?"

"మంచి ఎలుకలు."

కోప్పడదామనుకున్నాను, నవ్వొచ్చేసింది. ఇంతలో ఫోను మోగింది. పబ్లిషర్.

"నువ్వే మాట్లాడరా, నా రెండు చేతులూ ఖాళీ లేవు" అంది పెద్దమ్మ, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "తర్వాతి పుస్తకం ఇంకా పంపరేమని అడుగు."