కొట్లాడినావా, పాపా?

ఇవాళ పొద్దున ఇస్త్రీపెట్టె తగలగానే చీరలోంచి గంజి వాసన గుప్పుమంది. అన్నం వార్చిన గంజిలో ముంచి, నిన్న బాల్కనీలో ఆరేసిన ఎమ్మిగనూరు నేత చీర అది. ఉత్తర ఇటలీలో, కొండల కింద ఉన్న ఈ చిన్న ఊళ్లో చీరకు గంజి పెట్టేదాన్ని నేనొక్కతినే. మున్సిపాలిటీ హాల్లో మేయరు ముందు నిలబడి, ఈ దేశ పౌరురాలిగా నేను ప్రమాణం చేయవలసిన రోజు ఇది. 'చలికి బిగుసుకుపోతావు, కోటు వేసుకో' అని మా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. నాకు ఆ మాటలు చెవికెక్కలేదు. ఆ వాసనతోపాటు మా నేతగాళ్ల వీధీ, వీధి మధ్యలో నడుము మీద చేయి పెట్టుకుని నిలబడ్డ హంపవ్వా కళ్లముందుకు వచ్చేశారు.

హంపవ్వ మా పక్కింటావిడ. తుంగభద్రకు అవతల, సిరుగుప్ప దగ్గరి పల్లె నుంచి ఎమ్మిగనూరు కోడలిగా వచ్చిన కన్నడ మనిషి. బడి నుంచి రాగానే నేను ఆమె అరుగు మీద చేరి, మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేదాన్ని. ఆమె నోటికి వీధంతా జడిసేది. అయినా ఆమె రెండు రోజులు ఊళ్లో లేకపోతే అందరికీ ఏమీ తోచేది కాదు. మా వీధిలో తెల్లవారుతూనే పడుగు సాగదీసేవారు. నిలువు దారాలను వీధి పొడవునా చాపి, గంజి పూసి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు తలా ఒక చేయి వేయాల్సిందే. కొత్త కోడలిని మాత్రం దారాలు తెంపుతుందని ఎవరూ పిలిచేవారు కాదట.

"మరి నిన్నెప్పుడు పిలిచినారవ్వా?" అని ఒకసారి అడిగాను.

"యాడ పిలిచినారు? పిలిచేదాకా సుమ్నే కూకోనుంటే ఈ పొద్దుకీ అట్లే కూకోనుందును. నేనే పోయి ఒక కొస పట్టుకున్యా. అవతల కొస పట్టుకున్న పెద్దాయప్ప సడలిచ్చినాడు. 'ఏమప్పా, నిద్దరపోతాండావా? బిగించి లాగు!' అని అరిసినా. ఈదంతా ఒకటే నగు. మర్సటి దినం నుంచి 'హంపమ్మ యాడ?' అని వాళ్లే పిలిసినారు." కండె నా చేతిలో పెట్టి, "ఊరు మనదెప్పుడయితాదో తెల్సా పాపా? మనం కొట్లాడినాక గూడా పొద్దున్నే మనల్ని పలకరిస్తే, అప్పుడయితాది" అంది. పెద్దవాళ్ల మాటలన్నిటిలాగే దీన్నీ విని ఊరుకున్నాను.

పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. మా ఆయనకు పాల డెయిరీలో పని, నాకు ఉన్ని బట్టల మిల్లులో. నేసిన బట్టలో తప్పిన పోగులు వెతికి సూదితో సరిచేయాలి. చేతులకు ఆ పని కొత్త కాదు, నోరే పడిపోయింది. ఎమ్మిగనూరులో గలగలా వాగేదాన్ని, ఇక్కడ ఎవరేమన్నా నవ్వడం నేర్చుకున్నాను. బేకరీలో నన్ను దాటేసి వెనకవాళ్లకు రొట్టె ఇచ్చినా నవ్వాను. మెట్ల మీద ఎవరో పారేసిన చెత్త నాదేనంటే, నవ్వి మరీ ఎత్తాను. పరాయి దేశంలో తలొంచుకుని బతకడమే తెలివనుకున్నాను.

ఆదివారం ఆదివారం హంపవ్వకు ఫోన్ చేసేదాన్ని. తిన్నావా, చలి ఎలా ఉంది అని అడిగేది కాదు. "ఎవురితోనన్నా కొట్లాడినావా, పాపా?" అనేది.

"లేదవ్వా. ఈడ అందరూ మంచోళ్లే."

"అయితే ఇంకా సుట్టానివే. సుట్టాలకే అందరూ మంచోళ్లు."

ఒక్కోసారి ఒళ్లు మండేది. ఇక్కడ ఉండే అనుమతి కాగితాల కోసం ఏటా ఒదిగి నిలబడేవాళ్ల బాధ ఈ ముసలిదానికేం తెలుసు అనుకునేదాన్ని.

తర్వాత కొన్నేళ్లకు, పొద్దున మిల్లుకు వెళ్లే బస్సు తీసేస్తామన్నారు. ఆ సంగతి మాట్లాడడానికి ఊరివాళ్లను మున్సిపాలిటీ హాలుకు పిలిచారు. మా పై అంతస్తులో ఉండే రోజా అనే పెద్దావిడకు ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆ బస్సే దిక్కు. అందరూ లోలోపల గొణుక్కున్నారు తప్ప ఒక్కరూ లేవలేదు. "అయితే అందరికీ సమ్మతమే కదా" అని మేయరమ్మ కాగితాలు సర్దుకుంది. పడుగు అవతలి కొస సడలినట్టు నా చేతులకు తెలిసింది. నేనే లేచానని లేచాక గాని తెలియలేదు.

"ఏం సమ్మతం? మీకు కార్లున్నాయి. రోజాగారు ఆసుపత్రికి ఎగిరిపోవాలా?" అని అరిచాను. వ్యాకరణం ఏమైందో దేవుడికే తెలియాలి. "ముందు మా భాష నేర్చుకో!" అని వెనకనుంచి ఒకాయన కేకేశాడు. "నేర్చుకుంటూనే ఉన్నాను, ఆ బస్సులో కూర్చునే! అదీ తీసేస్తే ఇంకెక్కడ నేర్చుకోను?" అన్నాను. హాలంతా గొల్లుమంది. తర్వాత ఒకరి వెంట ఒకరు లేచి అడగడం మొదలుపెట్టారు. బస్సు తీసేయలేదు. మర్నాడు బేకరీలో ఆ కేకేసిన ఆయనే నన్ను పలకరించి, ముందు మీరు తీసుకోండమ్మా అన్నాడు.

ఇది ఫోన్లో చెబితే హంపవ్వ స్పీకర్ పెట్టి వీధినంతా పోగుచేసింది. "ఆయప్ప ఏమన్నాడు? నువ్వేమన్యావు? మళ్లా సెప్పు!" అని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. నేను పదో తరగతి పాసయినప్పుడు కూడా ఆమె అంత మురిసిపోలేదు.

పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే వేళకు మాత్రం నాకు గుండె జారింది. ఇక్కడి పౌరసత్వం వస్తే ఇండియా పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. ఓటు లేకుండా, ఎన్నాళ్లున్నా పరాయిదానిగా ఉండలేను. అలాగని ఆ నీలం పుస్తకం ఇవ్వడమంటే మా అమ్మానాన్నలను కాదన్నట్టు అనిపించింది. సంతకం చేయకుండానే కాగితాలు పక్కన పెట్టి, హంపవ్వకు ఫోన్ చేసి ఏడ్చాను.

ఆమె "నేను నది దాటొచ్చి ఎంత కాలమాయె! నీళ్లకి, నూలుకి, ఓటుకి, అన్నిట్కీ ఈ ఊర్లోనే కొట్లాడినా. ఏడుపొస్తే మాత్రం కన్నడంలోనే ఏడుస్తా. అది ఇచ్చెయ్యమని ఏ ఆపీసోడూ అడగల్యా. నిన్నూ అడగరులే. పుస్తకం ఇచ్చి, పోయి కొస పట్టుకో" అంది. ఆ రోజే సంతకం పెట్టాను. జవాబు వచ్చేలోగా ఆమె పోయింది. కడసారి చూపుకు వెళ్లలేకపోయాను, ఆ బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది.

ఇవాళ హాల్లో, భుజం మీదుగా మూడు రంగుల పట్టీ వేసుకుని నిలబడ్డది అదే మేయరమ్మ. దేశానికి విధేయంగా ఉంటానని, చట్టాలను పాటిస్తానని తడబడకుండా చదివాను. గంజి చీర ఫెళఫెళలాడుతుంటే, మా వీధి వీధంతా నా వెనక నిలబడినట్టు గర్వంగా ఉంది. రాజ్యాంగం పుస్తకం నా చేతికిస్తూ మేయరమ్మ, "ప్రమాణం చేయకముందే ఈ హాల్లో నా మీద అరిచింది మీరొక్కరే. ఇక మీకు ఓటు కూడా ఉంది, నాకు భయంగా ఉంది" అని నవ్వింది. అప్పుడు ఏడుపొచ్చింది. తెలుగులోనే వచ్చింది.

మా ఆయన, నా ప్రమాణం చూడడానికి వచ్చిన రోజా, నేను బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డాం. బస్సు ఎంతకీ రాలేదు. రోజా చేతికర్రకు ఆనుకుని ఉంది, పక్కన మరో నలుగురు చలికి కాళ్లు మార్చుకుంటున్నారు. చివరికి బస్సు మలుపు తిరగగానే రోజా నా మోచేయి పొడిచింది. "ఇంత ఆలస్యమేమిటని నువ్వే అడుగు. మాకు నోరు రాదు" అంది. మిగతావాళ్లూ నావైపే చూశారు.

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అందరికంటే ముందు బస్సెక్కాను. అవ్వా, నేనింక చుట్టాన్ని కాను.