కూర్చున్నవాళ్ళ ఓటు

ఆ అమ్మాయి కాలర్ బోన్ విరిగిన చప్పుడు నేను విన్నాను. మాచర్లలో రాళ్ళ పాలిషింగ్ యూనిట్లో పలకలు కొలుస్తూ సగం జీవితం గడిపినవాణ్ణి. రాయి పగిలేటప్పుడు ముందు లోపల పొడిగా ఒక చప్పుడు వస్తుంది, గీత ఆ తరవాత కనపడుతుంది. ఇదీ అలాగే వచ్చింది. ఆమె ఎడమ చెయ్యి పక్కకు వేలాడిపోయింది. ఏడవలేదు. మౌత్ గార్డ్ ఉమ్మేసి, రౌండు అయిపోయిందా, ఇంకా టైముందా అని కరాటే మాస్టారిని అడిగింది.

ఆమె నలభై ఎనిమిది కిలోలు. ఎదురుగా నిలబెట్టిన విజయపురి సౌత్ అమ్మాయి డెబ్బై ఒకటి. ఇరిగేషన్ క్వార్టర్సులో పెరిగిన ఆ పిల్ల తప్పేమీ లేదు, తన్నమన్నారు, తన్నింది. ఆ కాలు వచ్చిన వేగం చూశాను, దాని వెనక ఉన్న బరువు నాకు తెలుసు. ఆ రెండూ కలిసి వేలెడంత ఎముక మీద పడితే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు. ఆ జత వేసిన మ్యాచ్ సెక్రటరీ మాత్రం గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు.

నేను ఆ క్లబ్బులో చేరేసరికి నలభై దాటి ఉన్నాను. ఇంటర్ దగ్గర ఆగిన చదువును దూరవిద్యలో డిగ్రీ దాకా లాక్కొచ్చి, నరసరావుపేట దగ్గరి యూనివర్సిటీ సెంటర్లో స్టాటిస్టిక్స్ పీజీలో సీటు తెచ్చుకున్నాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, రాళ్ళ దగ్గరే పట్టుబడ్డాయి. కరాటే మాత్రం కుర్రతనంలో ఒక మాస్టారి దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్నదే. ఆ సెంటర్ కరాటే క్లబ్బులో అందరికీ నేను బాబాయ్‌ని. కోటప్పకొండ వైపు తెరుచుకునే రేకుల షెడ్డులో సాయంత్రాలు ప్రాక్టీసు జరిగేది. మా దగ్గర దెబ్బ తగలాలి. తాకీ తాకనట్టు కొట్టి పాయింటు అడిగేవాళ్ళను మాస్టారు బయటికి పంపేసేవారు.

ఎవరితో ఎవరు తలపడాలో తేల్చేది మ్యాచ్ సెక్రటరీ. అప్పుడున్నవాడు రీసెర్చ్ స్కాలరు, మా మాచర్ల వైపువాడే, మంచి దెబ్బగాడు. తనకంటే పెద్దవాళ్ళ చేత తన్నులు తింటేనే మనిషికి బెదురు పోతుందని అతని నమ్మకం. జతలు వేసేటప్పుడు బరువు చూడాలని రెండు మూడు సార్లు చెప్పి చూశాను. బజార్లో తగాదా వస్తే అవతలివాణ్ణి కాటా మీద నిలబెడతామా బాబాయ్ అని నవ్వాడు.

కట్టు విప్పించుకుని ఆ అమ్మాయి షెడ్డుకు వచ్చిన వారంలోనే, కాలేజీల పోటీకి జరగబోయే సెలెక్షన్‌లో మళ్ళీ అదే విజయపురి అమ్మాయితో ఆమెకు జత పడింది. దెబ్బ తగిలిన పిల్ల వాళ్ళ నాన్న బస్టాండు వెనక బైకులు బాగుచేస్తాడు. నా బండికి బ్రేకు బిగిస్తూ డాక్టరు అన్న మాట చెప్పాడు. ఎముక అతుక్కుంది గానీ అతుకు ఇంకా లేతగా ఉందట. అక్కడే ఇంకో దెబ్బ పడితే ఆ చెయ్యి మళ్ళీ భుజం పైకి లేస్తుందని చెప్పలేనన్నాడట. చెప్పి, తలెత్తకుండా, "నా మాట యినదన్నా" అన్నాడు.

సెలెక్షన్‌కి ముందు కమిటీ ఎన్నిక ఉంది. మ్యాచ్ సెక్రటరీ పదవికి నిలబడతానని మాస్టారికి చెప్పాను.

మా క్లబ్బులో చీటీలు వెయ్యడం లేదు. ఉన్నవాడి మీద కొత్తవాడు పోటీకి దిగితే మ్యాట్ మీద నిలబడాలి. వద్దనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి అతనితో ఒక రౌండు కొడతారు. లేవకుండా కూర్చున్నవాళ్ళు ఒప్పుకున్నట్టు లెక్క. చివరికి సగానికి పైగా కూర్చునే ఉంటే, నిలబడ్డవాడు ఇంకా నిలబడే ఉంటే, పదవి అతనిది. చాటున కాదనడం పౌరుషం కాదని, కాదనేవాడు ఆ మాట చేత్తోనే చెప్పాలని ఎప్పటి సీనియర్లో పెట్టిన పద్ధతి అది.

ఓటున్నవాళ్ళు ఇరవై ఒక్కరు. సెక్రటరీ మనుషులు ఎనిమిది మంది, వాళ్ళు లేవడం ఖాయం. మిగిలిన పదముగ్గురిలో కొందరికి నేను నచ్చకపోవచ్చు. కానీ తండ్రి వయసున్న మనిషిని, అప్పటికే ఎనిమిది మంది చేతిలో నలిగినవాణ్ణి, లేచొచ్చి కొట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఒకరిద్దరు అటూ ఇటూ అయినా నేను గెలుస్తాను. రోజూ నాతో ప్రాక్టీసు చేసే గురజాల కుర్రాడయితే నావాడే. అతని పేరు లెక్కలో ముందు వేసుకున్నాను.

ఆ సాయంత్రం మొదట లేచింది ఒక పొడుగాటి మనిషి. వస్తూనే నా డొక్కలో తన్నాడు. మోచేత్తో ఆపాను, అతని పాదం పైభాగం నా మోచేతి ఎముకకు కొట్టుకుంది. నొప్పితో ఆ కాలు నేలకు ఆనించలేక తడబడుతుండగా కుడివైపు పక్కటెముకల కింద, కాలేయం ఉండేచోట గుద్దాను. మ్యాట్ చివరిదాకా వెళ్ళి వాంతి చేసుకున్నాడు. రెండోవాడి పిడికిలికి నా కింది పెదవి నా పంటి మీదే తెగింది. మూడోవాడు, నాలుగోవాడు నాకు వేరువేరుగా గుర్తు లేరు. తొడలు మంట పుట్టడం, నోట్లో రక్తం మింగడం గుర్తున్నాయి. ఉమ్మితే మ్యాట్ జారుతుంది, అందుకని మింగాను.

అయిదోవాడి మోకాలు డొక్కలో దిగాక ఊపిరి సగం వరకే వస్తోంది. ఆరోవాడి మోచెయ్యి కనుబొమ్మ మీద చర్మాన్ని చీల్చింది. మాస్టారు తువ్వాలుతో అదిమిపట్టి ఆపుదామా అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ మొదలుపెట్టగానే అతని మోకాలి పక్కన తన్నితే నడుము మీద పడ్డాడు, ఇద్దరు మోసుకెళ్ళారు. ఏడోవాడు దాంతో జంకాడేమో, దూరం నుంచి రెండు తన్నులు తన్ని రౌండు గడిపేశాడు. ఎనిమిదోవాడు జంకలేదు. చెవి మీద తగిలిన అతని దెబ్బకు ఆ పక్క వినికిడి పోయి, గుయ్యిమనే చప్పుడు ఒకటే మిగిలింది.

పదముగ్గురు కూర్చునే ఉన్నారు. నా లెక్క ఒక్కడు కూడా తేడా లేకుండా వచ్చింది. ఇంకెవరన్నా ఉన్నారా అని మాస్టారు అడిగారు.

గురజాల కుర్రాడు లేచి బెల్టు బిగించుకున్నాడు.

నాకు నీళ్ళు ఇవ్వడానికి వస్తున్నాడనుకున్నాను. మ్యాట్ అంచున వంగి దండం పెట్టి లోపలికి అడుగుపెట్టాడు. "నువ్వేందిరా?" అన్నాను, పెదవి వాచి మాట సరిగ్గా రాలేదు.

"ఇంతమందితో కొట్టినోడివి. నేను ముట్టుకోకుండా కూర్చుంటే నిన్ను ముసలోళ్ళ కింద జమకట్టినట్టే గదా బాబాయ్," అన్నాడు. "రేపు నీ మొహం ఎట్టా చూసేది?"

"కూర్చుంటేనేరా నీ ఓటు."

"ఓటుదేముందిలే. చేతులెత్తు."

అందరికంటే గట్టిగా కొట్టింది అతనే. రోజూ నేను ఏ పక్క ఖాళీ వదులుతానో తెలిసినవాడు కాబట్టి ఒక్క దెబ్బ వృథా పోలేదు. అప్పటికే నలిగిన డొక్క మీదే మళ్ళీ తన్నాడు. ఒక మోకాలి మీద కూలబడి లేచాను. రౌండు అయ్యాక నన్ను కావలించుకున్నాడు, అతని తెల్ల బట్టల మీద నా రక్తం మరకలు పడ్డాయి. అది చూసి అతని రూమ్మేటు కూడా ఉత్సాహంగా లేచాడు. జాలిపడి కూర్చుంటారని నేను లెక్కవేసుకున్నాను. వాళ్ళ దృష్టిలో ఆ జాలే నాకు చేసే అవమానం. నా మీద అభిమానం ఉన్నవాళ్ళకే కూర్చోవడం కష్టంగా ఉంది.

రూమ్మేటుతో రౌండు అయ్యాక ఇక పదకొండు మంది మిగిలారు. ఇరవై ఒకటిలో పదకొండు. ఇంకొక్కరు లేవకపోతే చాలు.

ఆ అమ్మాయి లేచింది.

ఆమె కూడా గౌరవానికే వస్తోందనుకుని, వద్దమ్మా, కూర్చో, నీకోసమే గదా ఇదంతా అన్నాను.

"నువ్వు గెలిస్తే నాకు నా బరువుదాన్ని ఎవురినో తెచ్చి నిలబెడతావు," అంది. "నేను ఆమెతోనే కొట్టాల బాబాయ్."

"ఎముక ఇంకా..."

"ఎముక నాదే గదా."

లేచి మ్యాట్ మీదికి రావడంతోనే ఆమె ఓటు పోయింది, నేను ఓడిపోయాను. రౌండు మాత్రం కొట్టక తప్పదు. ఎడమ చెయ్యి దించి పెట్టింది, ఆ ఎముక నా ఎదుట తలుపు తీసినట్టుంది. నేను అటు చూడకుండా ఇంకో లెక్క వేశాను. తొడ కండరం మీద గట్టిగా నాలుగు తన్నులు పడితే సెలెక్షన్ నాటికి కాలు కదలదు, మాస్టారే పక్కన పెడతారు. ఎముకకు ఏమీ కాదు. తన్నాను. రెండో తన్నుకు ఆమె కాలు మడతపడింది. మూడోదానికి ముఖం నల్లబడింది. నాలుగోది వెయ్యబోతుంటే నా కళ్ళలోకి చూసింది.

"కుంటిదాన్ని చేసి ఆపుదామనా?" అంది.

తరవాతి పిడికిలి నేను చూడలేదు. ముక్కులో ఎముక పక్కకు జరిగింది, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. గుక్క తిప్పుకునేలోగా ఇంకోటి అక్కడే పడింది. వెల్లకిలా పడ్డాను. నా మీద వంగి చూసి, బతికే ఉన్నానని తేల్చుకుని, వెళ్ళి కూర్చుంది.

సెక్రటరీ పదవి పాతవాడిదే అయింది. నరసరావుపేట ఆస్పత్రిలో నా ముక్కు సరిచేసి దూది కుక్కారు. ఆ దూదితోనే సెలెక్షన్ చూడటానికి వెళ్ళి, మెకానిక్ పక్కన నిలబడ్డాను. ఆయన చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

ఆమె కుంటుతూనే వచ్చింది. మాస్టారు పక్కన పెడతానంటే ఆమె ఒప్పుకోలేదట. కాలు బిగుసుకుపోయి వెనక్కి జరగలేదు కాబట్టి ముందుకే జరిగింది. విజయపురి అమ్మాయి తన్ను విసరడానికి చోటివ్వకుండా ఛాతీకి ఛాతీ ఆనించి గుద్దింది. దగ్గరగా ఉంటే అంత పెద్ద కాలికి ఊపు రాదు. అయినా మోకాళ్ళు పడ్డాయి, మోచేతులు పడ్డాయి. ఒకటి సరిగ్గా ఎడమ భుజం మీదే పడింది. మెకానిక్ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆ పొడి చప్పుడు కోసం చెవి పెట్టాను. రాలేదు. రెఫరీ విడదీసేసరికి విజయపురి అమ్మాయి ముక్కులోంచి రక్తం గడ్డం దాకా కారుతోంది. గెలుపు మాత్రం దానికే ఇచ్చారు, ఎక్కువ దెబ్బలు దానివే. సరైన తీర్పే.

డాక్టరు ఎముక మీద నొక్కి చూసి, చెయ్యి పైకెత్తమన్నాడు. చెవి దాటి నిటారుగా ఎత్తింది. మెకానిక్ బయటికెళ్ళి మొహం కడుక్కున్నాడు. ఆమె ఐసు ముక్కలు తొడ మీద పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

"నువ్వెన్ని కిలోలు బాబాయ్?" అని అడిగింది.

డెబ్బై రెండు అన్నాను.

"ఆమెకంటే కిలో ఎక్కువ. అయితే వచ్చే ఏడు సెలెక్షన్ దాకా నువ్వు నాతో కొట్టాల," అంది. "ముక్కు మానిందాకా ఆగుతాలే."