పేరు పెట్టని కుప్ప

రత్నం గురించి రాయాలంటే ముందు నన్ను నేను నాలుగు తిట్టుకోవాలి. తిట్టుకున్నాను. ఇక రాస్తాను.

మంగినపూడికి అవతల, సముద్రం ఒడ్డునున్న చిన్న పాలెం ఆవిడది. ఆ పక్క హైస్కూల్లో పన్నెండేళ్ళు తెలుగు చెప్పాను నేను, రోజూ బందరు నుంచి బస్సులో వెళ్ళి వస్తూ. మా ఇంట్లో నీచు వాసన సోకితే తలస్నానం చేస్తే తప్ప వంటగదిలోకి రానివ్వరు. అందుకని బస్టాండులో రత్నం గంప కనబడగానే ఆమడ దూరం జరిగేవాణ్ణి. ఆవిడ ఊరుకునే రకమా? "మేష్టారండీ, ఇవి చచ్చిన చేపలేనండీ, కరవ్వు! ఇలా రండి!" అని బస్టాండంతా వినపడేట్టు అరిచేది. జనం నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

తొంభైలో వచ్చిన తుఫానులో ఆవిడ భర్త సత్తిబాబు ఎక్కిన పడవ తిరిగి రాలేదు. కూతురు జ్యోతిర్మయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. రత్నం పదకొండు రోజులు ఏడ్చి, పన్నెండో రోజున గంప నెత్తికెత్తుకుంది. బందరు వీధుల్లో ఆవిడ నోటికి జడవని ఇల్లాలు లేదు. బేరమాడి, వేలితో చేపను పొడిచి చూసి, కొనకుండా తలుపేసుకునే వాళ్ళని మూడు తరాలు కలిపి కడిగేసేది. కానీ ఏ ఇంట్లో బాలింత ఉన్నా పాలు పడతాయని అడక్కుండానే రెండు సొరచేప ముక్కలు విస్తరాకులో పెట్టి గుమ్మంలో వదిలి పోయేదని చాలా కాలం తర్వాత తెలిసింది.

ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఉంటుంది కదా, దాని తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వంతు ఉంటుంది. అయితే వంతులు వెయ్యక ముందే, వల యజమాని సాయిబాబు ఒక కుప్ప తీసి పక్కన ఇసకలో పోస్తాడు. అది తాడు పట్టే మగదిక్కు లేని ఇళ్ళది. ఎవరిదని చెప్పడు. ఎవరినీ పిలవడు. ఆ కుప్ప పోశాక మగవాళ్ళందరూ సముద్రం వైపు తిరిగి వల దులుపుకుంటారు. ఈలోగా ఆ ఇళ్ళవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. దండం పెట్టడాలు, చల్లగా ఉండు నాయనా అనడాలు ఏమీ ఉండవు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఎనిమిదేళ్ళ పాటు ఆ పాలెం అడక్కుండా పెట్టింది. ముసురు పట్టి గంప కదలని రోజుల్లో రత్నం పొయ్యి మీద ఉడికింది ఆ చేపలే.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "అంత మంచివాడు సాయిబాబు, ఒక్కమాట కృతజ్ఞతగా అంటే నీ సొమ్మేం పోయింది రత్నమ్మా?" అని.

"పేరెట్టి ఇస్తే ముష్టండి. పేరెట్టకపోతే మా వంతండి. నేను దండం పెట్టానంటే వంతు కాస్తా ముష్టయిపోద్ది. ఇంత చదువు చదివారు, ఇది తెలీదా మీకు?" అంది.

తెలియలేదు. తెలిస్తే తొంభై ఎనిమిదిలో ఆ పాడుపని చేసేవాణ్ణి కాను.

ఆ ఏడు జ్యోతిర్మయి పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. నర్సు ట్రైనింగుకి వెళ్తానని పట్టుబట్టింది. చదివించే తాహతు రత్నానికి లేదు. అప్పుడే మా బందరు సేవాసమితి ప్రెసిడెంటు గోవర్ధనరావు గారు, రొయ్యల మేత వ్యాపారి, గుడివాడలో తమ బంధువుల నర్సింగు స్కూల్లో ఒక బీదపిల్లకి ఉచితంగా సీటు, హాస్టలు ఇప్పిస్తానన్నారు. నేనే వెళ్ళి జ్యోతిర్మయి పేరు చెప్పాను. ఆయన మహదానందపడి, "సభ ఆ పాలెంలోనే పెడదాం మాస్టారూ. ఆ తల్లి మైకులో మాట్లాడాలి. జనం కళ్ళు చెమర్చాలి. పేపరు వాళ్ళని పిలుస్తున్నాను. మాటలు మీరు రాయాలి, మీ కలానికి తిరుగులేదు," అన్నారు.

తిరుగులేదట! ఆ ఒక్క మాటకి ఉబ్బి తబ్బిబ్బయ్యాను. రెండు రోజులు కూర్చుని రాశాను. "నా భర్త పోయాక ఎనిమిదేళ్ళు నా గుమ్మం తొక్కిన వాడు లేడు. పిడికెడు మెతుకులు విదిల్చిన నాథుడు లేడు. నాకీ లోకంలో ఎవరూ లేరు. ఈ రోజు గోవర్ధనరావు గారి రూపంలో దేవుడు దిగి వచ్చాడు." రాసి, చదువుకుని, నా కళ్ళే చెమర్చాయి. ఎంత సిగ్గుమాలినతనం!

రత్నానికి చదువు రాదు. స్కూలు వరండాలో కూర్చోబెట్టి కంఠతా పట్టించాను. రెండోసారి చెప్పేసరికి ఆవిడ ఆగిపోయింది.

"ఇది అబద్ధం కదండీ?"

"సభామర్యాదమ్మా. అందరూ ఇలాగే మాట్లాడతారు."

"మావోళ్ళు ఎదురుగానే కూచుంటారండీ. సాయిబాబు మావయ్య కూచుంటాడు."

"పిల్ల బతుకు బాగుపడుతుంటే ఈ చాదస్తమేమిటి? నాలుగు మాటలే కదా!" అని కసిరాను. అవును, కసిరాను. పక్కన జ్యోతిర్మయి తల వంచుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల వైపు చూసి రత్నం మళ్ళీ మొదటి నుంచి అప్పజెప్పింది.

జూన్ నెలాఖరున ఒడ్డునే షామియానా వేశారు. పాలెం పాలెమంతా వచ్చింది. బస్టాండు ఎగిరిపోయేట్టు అరిచే మనిషి, మైకు ముందు నిలబడి పిల్లిలా ఒక్కొక్క మాటే అప్పజెప్పింది. "నాకీ లోకంలో ఎవరూ లేరు" అన్నప్పుడు ముందు వరసలో సాయిబాబు పైగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. గోవర్ధనరావు గారు ఫొటో కోసం రత్నం తల మీద చెయ్యి పెట్టారు. ఫ్లాష్ వెలగలేదని రెండోసారి కూడా పెట్టారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టింది బందరు నుంచి వచ్చిన మేము మాత్రమేనని నేను ఆ క్షణాన గమనించనైనా లేదు.

జ్యోతిర్మయి గుడివాడ వెళ్ళింది. మర్నాటి నుంచి రత్నం వల దగ్గరికి రావడం మానేసింది. కుప్పలో వంతు ఉన్న మిగతా ఇద్దరు ముసలమ్మలూ తమవి ఏరుకుని పోయాక, రత్నానివి ఇసకలోనే ఉండిపోయేవి. కాకులు తినేవి. ఆ వానాకాలం గంప కదలని రోజుల్లో ఆవిడ గంజి తాగి పడుకుందని నా క్లాసు పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. నేను రాసిన పచ్చి అబద్ధాన్ని ఆవిడ నిజం చేసుకుని కూర్చుంది.

ఇంటికి వెళ్ళి బతిమాలాను. "ఎవరూ లేరని మైకులో చెప్పి, ఏ మొహం పెట్టుకుని తీసుకోనండీ? నా పిల్లకి సీటొచ్చింది. ఆ సీటు ఖరీదెంతో నాకు తెలుసు, మీకే తెలీదు. పొద్దుపోతంది, బస్సెళ్ళిపోద్ది మీకు," అంది. నన్ను కూర్చోమనలేదు.

మళ్ళీ నెల గోవర్ధనరావు గారి కబురు. కోడూరులో ఇంకో సభ, ఇంకో విధవరాలు. "అదే వాక్యం పెట్టండి మాస్టారూ, ఎవరూ లేరన్నది. బ్రహ్మాండంగా పండింది!" అన్నారు. తమరి సభలో తమరే ఏడవండి అనేసి వచ్చాను. పెద్ద ఘనకార్యమేమీ కాదు. చెయ్యాల్సిన సమయానికి చెయ్యకుండా, పుణ్యకాలం దాటిపోయాక చేశాను.

ఆ వారంలోనే పొద్దున్నే వల లాగే వేళకి ఒడ్డుకి పోయి, అందరి ముందూ చెప్పేశాను. "ఆ మాటలు రత్నానివి కావయ్యా. నేను రాసినవి. నేనే కసిరి చెప్పించాను. తప్పు నాది."

సాయిబాబు తాడు చుట్టడం ఆపలేదు. "తెలుసండీ. పిల్ల కోసం చెప్పింది. దాని మీద మాకెవరికీ కోపం లేదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే ఆ మాట రత్నానికి చెప్పు సాయిబాబూ! నువ్వు పెద్దవాడివి. ఒక్కసారి పిలిచి, నీ చేత్తో ఇవ్వు. నీ మాట కాదనదు."

అతను తాడు కింద పెట్టి, నా వంక తేరిపార చూశాడు.

"పేరెట్టి పిలిచి, నలుగురూ చూస్తుండగా చేతిలో పెట్టమంటారా మేష్టారండీ? మరి ఆ గోవర్ధనరావు గారు చేసిందేంటండీ?"

చెప్పు తీసుకుని కొట్టినా నాకంత సిగ్గు వేసేది కాదు. అతను వంగి, కుప్ప తీసి ఇసకలో పోశాడు. మగవాళ్ళందరూ సముద్రం వైపు తిరిగారు. వాళ్ళతో పాటు నేనూ తిరిగి నిలబడ్డాను. ఇద్దరు ముసలమ్మలు వచ్చి వెళ్ళిన చప్పుడు వినిపించింది. మూడో మనిషి రాలేదు.